గ్రాముల లెక్క: తేలికైన స్పోర్ట్స్ కారు చరిత్రలో ఉక్కు పాత్ర

భిలాయిలో బరువంటే టన్నులే. దల్లీ రాజహరా నుంచి వచ్చే ఖనిజం టన్నుల్లో, బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి దిగే కరిగిన ఇనుము టన్నుల్లో, షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చిన మనిషి చెప్పే కబురూ టన్నుల్లోనే ఉంటుంది. ఇక్కడి నుంచి రైల్వేకు వెళ్లే 260 మీటర్ల పట్టా మీటరుకు 60 కిలోల చొప్పున 15.6 టన్నులు తూగుతుంది. 2015లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5 స్పోర్ట్స్ కారు బరువు 990 కిలోలు. ఒక్క పట్టా బరువుకు దాదాపు పదహారు కార్లు సరిపోతాయన్నమాట.

ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఈ సెక్టార్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో రెండు మూడు తరాలు ఉక్కు మీదే బతికాయి. కార్ల సంగతి వచ్చినప్పుడు ఇలాంటి ఇళ్లలో కూడా ఒక మాట వినిపిస్తుంది: బండి తేలిక కావాలంటే ఉక్కు పక్కకు తప్పుకోవాలి, అల్యూమినియమో కార్బన్ ఫైబరో రావాలి అని. స్పోర్ట్స్ కారు గత డెబ్బై ఏళ్ల చరిత్ర చూస్తే ఆ మాటలో నిజం సగమే. మిగతా సగం ఉక్కు ఊరివాళ్లకు తెలియాల్సిన సంగతి.

ఇంగ్లండులో లోటస్ కంపెనీ పెట్టిన కాలిన్ చాప్‌మన్ తేలికదనాన్ని ఒక సిద్ధాంతంగా పట్టుకున్నాడు. ఇంజన్ బలం పెంచితే బండి తిన్నటి దారిలోనే పరుగెత్తుతుంది. బరువు తగ్గిస్తే మలుపులోనూ, బ్రేకు దగ్గరా, ఎక్కుడులోనూ లాభమే. 1957లో ఆయన తెచ్చిన ఎలీట్ కారుకు చాసిస్ విడిగా లేదు, ఫైబర్‌గ్లాస్ ఒంటిపెంకే బరువంతా మోసింది. చూడముచ్చటైన బండి. కానీ తయారీ ఖర్చు కంపెనీని పిండేసింది. 1962లో ఎలాన్ తెచ్చేటప్పుడు ఆయన పాఠం నేర్చుకుని ఉక్కు దగ్గరికే తిరిగొచ్చాడు. మడిచిన ఉక్కు రేకుతో చేసిన వెన్నెముక లాంటి ఫ్రేము, దాని మీద ఫైబర్‌గ్లాస్ ఒళ్లు. బరువు 700 కిలోల లోపే. తేలికదనానికి గురువుగా అందరూ చెప్పుకునే మనిషి చేసిన అత్యుత్తమ రోడ్డు కారులో, బరువు మోసే పని ఉక్కుదేనన్న సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు.

మన దేశంలోనూ ఫైబర్‌గ్లాస్ మోజు కొన్నాళ్లు నడిచింది. 1980ల్లో సిపానీ కంపెనీ బ్రిటిష్ రిలయంట్ కిటెన్ నమూనాతో డాల్ఫిన్ అనే చిన్న కారు చేసింది. తేలిక కాబట్టి మద్రాసు దగ్గర షోలవరం రేసుల్లో పెద్ద కార్లకు గట్టి పోటీ ఇచ్చింది. అదే సమయంలో వచ్చిన ఉక్కు రేకుల మారుతి 800 కూడా తేలికైనదే, పైగా చవక. బజారులో నిలిచింది మారుతియే. 1990ల చివర్లో వచ్చిన శాన్ స్టార్మ్ అనే రెండు సీట్ల ఫైబర్ కారూ బజారులో పెద్దగా నిలదొక్కుకోలేదు.

స్పోర్ట్స్ కారు బరువు పెరగడానికి ఒక ముఖ్య కారణం చట్టాలు. 1962లో వచ్చిన బ్రిటిష్ కారు ఎంజీబీ ఉక్కు మోనోకాక్ (ఒంటిపెంకే బరువు మోసే) బండి, 18 ఏళ్లు అమ్ముడుపోయింది. అమెరికా బంపర్ నిబంధనల కోసం 1974 చివర్లో దానికి మందపాటి రబ్బరు బంపర్లు తగిలించారు, దీపాలు నిర్ణీత ఎత్తులో ఉండాలని బండినే అంగుళం పైకెత్తారు. బరువు పెరిగింది, మలుపుల్లో పట్టు పోయింది. ఏడాది ఏడాదికీ వచ్చే మార్పు బండిని మెరుగుపరుస్తుందని కొనేవాడు ఆశిస్తాడు. ఇక్కడ మార్పే బండిని దెబ్బతీసింది. 1980లో దాన్ని తయారుచేసే అబింగ్‌డన్ ఫ్యాక్టరీ మూతపడింది. తుప్పు, ఆయిల్ కారడం, కొత్త నిబంధనలు కలిసి చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు చెల్లుచీటీ రాశాయి.

ఆ ఖాళీలోకి హిరోషిమా నుంచి మాజ్దా వచ్చింది. 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో ఎంఎక్స్-5 తెర తీశారు. అమెరికాలో దాన్ని మియాటా అన్నారు. తొషిహికో హిరాయ్ నడిపిన బృందం పాత లోటస్ ఎలాన్‌ను దగ్గర పెట్టుకుని చదివింది. కానీ ఫైబర్‌గ్లాస్ జోలికి పోలేదు. ఒళ్లంతా ఉక్కు, బానెట్ ఒక్కటే అల్యూమినియం. 1.6 లీటర్ల ఇంజన్, జపాన్ లెక్కలో 940 కిలోల బరువు. ముందూ వెనకా చక్రాల మీద బరువు కావడిలో రెండు బుట్టల్లా సమంగా పడేటట్టు ఇంజన్‌ను ముందు ఇరుసుకు వెనక్కి జరిపారు. ఈ సమతూకమే ఆ కారుకు ప్రాణం.

తర్వాతి సంవత్సరాల్లో మార్పులు వరసగా వచ్చాయి, వాటిలో చాలావరకు బరువు పెంచినవే. 1994 మోడల్‌కు 1.8 లీటర్ల ఇంజన్ వచ్చింది. తలుపుల్లో గుద్దుడును తట్టుకునే కడ్డీలు, ఎయిర్‌బ్యాగులు, ఒళ్లు మెలిపడకుండా అడ్డపట్టీలు చేరాయి. 1998లో వచ్చిన రెండో తరంలో పైకి లేచే హెడ్‌లైట్లు పోయాయి. అందం తగ్గిందని అభిమానులు బాధపడ్డారు. మోటార్లు, కీలు, మూతలు పోయి బరువు తగ్గినా, ఆ మిగులును వేరే వస్తువులు తినేశాయి.

2005లో మూడో తరం తయారుచేస్తున్నప్పుడు తకావో కిజిమా బృందం ముందున్న చిక్కు ఇదే. ఒళ్లు పెద్దది కావాలి, ఢీకొన్నప్పుడు మరింత తట్టుకోవాలి, బరువు మాత్రం పెరగకూడదు. వాళ్లు ఒక్క పెద్ద కోత కోసం చూడలేదు. ప్రతి భాగాన్నీ విప్పి, తూచి, గ్రాముల్లో బేరమాడారు. లోపలి అద్దాన్ని సరళంగా మళ్లీ గీసి 84 గ్రాములు తీసేశారు. ఇలాంటివి వందలు పోగయ్యాక, పెద్దదైన కారు పాతదానికంటే 10 కిలోలే ఎక్కువ తూగింది. ఈ పద్ధతికే వాళ్లు గ్రాముల వ్యూహం అని పేరు పెట్టుకున్నారు. నా దృష్టిలో స్పోర్ట్స్ కారు చరిత్రలో అసలు మలుపు ఇది. ఒక మేధావి ఆలోచన మీద కాక, చిన్న చిన్న భాగాలు గీసే వందల మంది ఓపిక మీద తేలికదనం నిలబడడం ఇక్కడే మొదలైంది.

2014 సెప్టెంబరులో చూపించిన నాలుగో తరం ఆ ఓపికకు పూర్తి ఫలం. నొబుహిరో యమమోతో బృందం 100 కిలోలకు పైగా తీసేసింది. అల్యూమినియం బానెట్, డిక్కీ మూతలకు తోడు ముందు ఫెండర్లు, బంపర్ లోపలి కడ్డీలు కూడా అల్యూమినియంకు మారాయి. చక్రానికి ఐదు నట్ల బదులు నాలుగే పెట్టారు. ఒక నట్టు తీస్తే ఎంత మిగులుతుంది అని అడగొచ్చు. బండి తేలికైతే చిన్న చక్రం చాలు, చిన్న చక్రానికి నాలుగు నట్లు చాలు, వాటికి చిన్న హబ్ చాలు, బ్రేకులూ చిన్నవి చాలు. ఒకచోట తగ్గిన బరువు ఇంకోచోట తగ్గడానికి దారి ఇస్తుంది. ఒంటిలో హైటెన్సైల్ ఉక్కు, అల్యూమినియం కలిపిన వాటా 58 శాతం నుంచి 71 శాతానికి చేరింది. అందులో సింహభాగం ఉక్కుదే.

ఈ హైటెన్సైల్ అనే మాట దగ్గర భిలాయి పాఠకుడు ఆగాలి. మామూలు నిర్మాణపు ఉక్కు 250 మెగాపాస్కళ్ల దగ్గర లొంగిపోతుంది. కార్లలో వాడే బోరాన్ ఉక్కును ఎర్రగా కాల్చి అచ్చులో ఒత్తి అక్కడే చల్లారిస్తే దాని తన్యబలం 1,500 మెగాపాస్కళ్లకు చేరుతుంది. స్వీడన్‌లో పుట్టిన ఈ విద్యను 1984లో సాబ్ 9000 తలుపు కడ్డీల్లో తొలిసారి వాడారు. ఘనపు మీటరుకు బరువు మాత్రం అదే 7.85 టన్నులు. లోహం తేలిక కాలేదు, తక్కువ లోహంతో పని జరిగేటట్టయింది. దీనికి ఒక హద్దు ఉంది. బలం ఎన్ని రెట్లు పెరిగినా, ఉక్కు వంగకుండా బిగువుగా నిలిచే గుణం దాదాపు మారదు. రేకును ఇష్టమొచ్చినట్టు పలచన చేస్తే అది విరగకపోవచ్చు గానీ ఊగిపోతుంది. కాబట్టి ఇంజనీర్లు ఆకారం వైపు తిరిగారు. పెట్టె ఆకారపు సెక్షన్లు, మడతలు, మూసిన అంచులు. మన స్ట్రక్చరల్ మిల్లులో జాయిస్టు, ఛానెల్ చుట్టినవాళ్లకు ఇది కొత్త కాదు. లోహాన్ని నడుమ నుంచి తీసి అంచులకు చేర్చితే తక్కువ బరువుతో ఎక్కువ మోస్తుందన్న సూత్రం మీదే ఆ మిల్లు నడుస్తోంది.

కారు రేకు భిలాయిలో తయారు కాదు. ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌లో అది బొకారో పని. ఇక్కడివి పట్టాలు, ప్లేట్లు, కడ్డీలు. పట్టాల చరిత్ర కారుకు ఎదురు దిశలో నడిచింది. గజానికి 90 పౌండ్ల పట్టా నుంచి మీటరుకు 52 కిలోలు, ఆపై 60 కిలోలు. వేగం, ఇరుసు భారం పెరిగే కొద్దీ పట్టా బరువెక్కింది, ఎందుకంటే కదలకుండా నిలవడమే దాని పని. రెండు దారుల్లోనూ ఒకటి మాత్రం ఒకేలా జరిగింది: ఉక్కు లోపలి కణాల అమరిక మీద పట్టు ఏటికేడూ బిగిసింది. పట్టా ఉక్కు 72 యూటీఎస్ (తన్యబలపు కొలత) నుంచి 90 యూటీఎస్‌కు ఎదిగింది. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనాలయం సెయిల్‌తో కలిసి తయారుచేసిన డీఎంఆర్ ఉక్కు భిలాయి, బొకారో, రూర్కెలా ప్లాంట్ల నుంచి దాదాపు 30,000 టన్నులు వెళ్లి విక్రాంత్ నౌకలో చేరింది. ఆ నౌక 2022 సెప్టెంబరు 2న నావికాదళంలోకి వచ్చింది. నౌకకైనా కారుకైనా సన్నటి కణాలతో బలమైన ఉక్కు చేసే చదువు ఒకటే. 1998లో 35 ఉక్కు కంపెనీలు పోర్షే ఇంజనీర్లతో కలిసి, పూర్తిగా ఉక్కుతో 203 కిలోల కారు ఒళ్లు కట్టి చూపించాయి. అప్పటి సగటు కంటే అది నాలుగో వంతు తేలిక. అల్యూమినియం దెబ్బకు భయపడి మొదలుపెట్టిన ప్రయత్నమే ఆధునిక కారు ఒంటికి దారి చూపింది.

అల్యూమినియం గొప్పతనాన్ని తక్కువ చేయనక్కర్లేదు. 1996 లోటస్ ఎలీజ్ చాసిస్ బరువు 68 కిలోలే. అల్యూమినియం గొట్టాలను వెల్డింగ్ లేకుండా జిగురుతో అతికించారు. కారు మొత్తం 725 కిలోలు. ఇంత గొప్ప ఆరంభం కూడా ఏళ్ల తాకిడికి ఆగలేదు. తొలి బళ్లలో పెట్టిన అల్యూమినియం మిశ్రమ బ్రేకు డిస్కులు పోయి పోత ఇనుము డిస్కులు వచ్చాయి. 2004లో టొయోటా ఇంజన్‌తో అమెరికాకు వెళ్లేసరికి బరువు 900 కిలోలకు చేరువైంది. 2017లో స్ప్రింట్ మోడల్ కోసం మళ్లీ 41 కిలోలు తగ్గించి 798కి దించారు. అందులో లిథియం బ్యాటరీ ఒక్కటే 9 కిలోలు మిగిల్చింది. 2021లో ఎలీజ్ తయారీ ఆగింది. అదే లోటస్ ఇప్పుడు అమ్ముతున్న ఎలెట్రె విద్యుత్ కారు దాదాపు 2.5 టన్నులు. చాప్‌మన్ పేరు మీద ఆ బరువు చూడటం నాకు కష్టంగానే ఉంది.

విద్యుత్ బండి కూడా తేలిక కాగలదా అన్న ప్రశ్నకు ఒక జవాబు 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో, హుస్సేన్‌సాగర్ ఒడ్డున దొరికింది. ఫార్ములా ఈ పోటీ అక్కడ జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ సీజన్లోనే మూడో తరం కారు అడుగుపెట్టింది. మొదటి తరంలో బ్యాటరీ సరిపోక డ్రైవర్లు రేసు మధ్యలో కారు మారేవాళ్లు. రెండో తరం పెద్ద బ్యాటరీతో రేసంతా నడిచింది, బరువెక్కింది. మూడో తరంలో డ్రైవరుతో కలిపి 840 కిలోలకు, అంటే దాదాపు 60 కిలోలు తగ్గించారు, శక్తిని 250 నుంచి 350 కిలోవాట్లకు పెంచారు. వెనక చక్రాలకు హైడ్రాలిక్ బ్రేకులే వద్దనుకున్నారు, మోటారే బండిని ఆపుతూ కరెంటు తిరిగి రాబడుతుందని. తర్వాత భద్రత కోసం వెనక అత్యవసర బ్రేకు చేర్చాల్సి వచ్చింది. తీసేసిన బరువులో కొంత తిరిగి రావడం రేసు కారుకూ తప్పలేదు.

మళ్లీ ఎంఎక్స్-5 దగ్గరికి వస్తే, 2019 మోడల్‌లో 2 లీటర్ల ఇంజన్‌కు చేసిన మార్పులు గ్రాముల పనితనానికి మంచి ఉదాహరణ. పిస్టన్ ఒక్కోటి 27 గ్రాములు, కనెక్టింగ్ రాడ్ ఒక్కోటి 41 గ్రాములు తేలికయ్యాయి. ఇంజన్ నిమిషానికి 6,800 తిరుగుళ్ల బదులు 7,500 దాకా వెళ్లింది, అమెరికా లెక్కలో శక్తి 155 నుంచి 181 హార్స్‌పవర్‌కు పెరిగింది. కదలకుండా నిలబడి ఉండే భాగంలో తగ్గిన గ్రాముకూ, సెకనుకు వందసార్లకు పైగా పైకీ కిందికీ ఉరికే భాగంలో తగ్గిన గ్రాముకూ విలువ ఒకటి కాదు.

ఇప్పుడు ఎదురుచూపు ఐదో తరం కోసం. 2.5 లీటర్ల కొత్త ఇంజన్ పెడతామని, బరువును వెయ్యి కిలోల లోపు, పొడవును 4 మీటర్ల లోపు ఉంచాలన్నది లక్ష్యమని మాజ్దా ఇంజనీర్లు చెబుతున్నారు. 2023లో అదే కంపెనీ చూపించిన ఐకానిక్ ఎస్‌పీ నమూనా బరువు బ్యాటరీ, రోటరీ జనరేటర్‌తో కలిపి 1,450 కిలోలు. ఈ రెండు అంకెల మధ్య దూరంలో బ్యాటరీదీ వాటా ఉంది. కాలుష్య నిబంధనలు బిగిసే కొద్దీ వడపోత పరికరాలు బరువెక్కుతాయి, డ్రైవరుకు సాయపడే కెమెరాలు, సెన్సర్లు చేరతాయి. వాటన్నిటి కిందా వెయ్యి కిలోల మాట నిలవాలంటే ఒంటిలో ఉక్కు ఇంకా పలచబడాలి, ఇంకా గట్టిపడాలి. ఆ కారు వివరాలు బయటికొచ్చిన రోజున నేను మొదట వెతికేది దాని వేగం కాదు, ఒంటిలో ఏ రకం ఉక్కు ఎంత శాతం వాడారన్న ఆ ఒక్క వరస.