అంగడి పేరున చెల్లిన చిల్లర

చిల్లర లేదంటూ రూపాయికి బదులు చాక్లెట్టు చేతిలో పెట్టే అంగడివానిని మనలో ఎరుగనివారు అరుదు. ఆ అంగడివాడే తన పేరు చెక్కించి నాణెం వంటిది ఇస్తే? అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఉత్తరాది పట్టణాలలో జరిగినది సరిగ్గా అదే.

1861 డిసెంబరు చివర బ్యాంకులు నోటుకు బంగారం ఇవ్వడం మానివేశాయి. జనం ముందు బంగారాన్ని, పిదప వెండిని దాచుకున్నారు. 1862 వేసవి నాటికి సెంటు సైతం కరువైంది. తపాలా బిళ్ళలను చిల్లరగా చెల్లనిస్తూ ఆ జూలైలో చట్టం వచ్చింది. జిగురు పూసిన కాగితం చెమట చేతులలో ఎంతకాలం నిలుస్తుంది? జాన్ గాల్ట్ అనే వ్యాపారి వాటిని అభ్రకపు రేకు కింద ఇత్తడి తొడుగులో బిగించి అమ్మాడు. అవీ చాలలేదు.

అప్పుడు వర్తకులు సెంటు పరిమాణంలో పలుచని టోకెన్లు ముద్రింపించారు. ఒకవైపు కొట్టు పేరు, ఊరు. మరొకవైపు ఏదో ఒక బొమ్మ. కొట్టు పేరు లేక దేశభక్తి నినాదాలు మాత్రమే ఉన్నవీ కొల్లలు. కొన్నింటిపై 'ఒక సెంటు' అన్న మాట పెద్దగా, దానిని కాదనే 'నాట్' చిన్నగా ఉంటుంది. దొంగనాణెమన్న అభియోగం రాకుండా పన్నిన యుక్తి! మొత్తం సుమారు రెండున్నర కోట్ల టోకెన్లు వెలువడ్డాయని అంచనా.

వీటి విలువంతా ఇచ్చినవాని మాటలోనే ఉంది. న్యూయార్కులో మద్యశాల నడిపిన గుస్టావస్ లిండెన్‌ముల్లర్ 1863లో పది లక్షలకు పైగా టోకెన్లు చెలామణిలో పెట్టాడు. థర్డ్ అవెన్యూ గుర్రపు ట్రాముల సంస్థ వాటిని ఛార్జీ కింద తీసుకుంది. కుప్ప పడిన టోకెన్లకు సొమ్ము ఇమ్మని అడిగితే అతడు నవ్వి పొమ్మన్నాడట. సంస్థకు చట్టం అండ లేకపోయింది.

అయితే ఈ కథలో నన్ను ఆకర్షించేది ఆ మోసం కాదు. లోహపు విలువ స్వల్పమైన కంచు ముక్కను జనం మారుమాట లేక పుచ్చుకోవడం టంకశాల అధిపతి జేమ్స్ పొలాక్ గమనించాడు. 1864 ఏప్రిల్ 22 నాటి చట్టంతో 4.67 గ్రాముల రాగి-నికెల్ సెంటు పోయి 3.11 గ్రాముల కంచు సెంటు వచ్చింది. ఆ చట్టమే ప్రైవేటు సెంట్లను నిషేధించింది. జూన్ 8 నాటి చట్టం ప్రైవేటు నాణేలన్నిటినీ అరికట్టింది. ప్రభుత్వం వర్తకుల ఉపాయాన్ని గ్రహించి, వర్తకులను పక్కకు తప్పించిందన్న మాట.

సేకర్తలు వీటిని రాష్ట్రం, ఊరు, అంగడి వరుసన, ఫల్డ్ తండ్రీకొడుకులు కూర్చిన సంఖ్యల ప్రకారం అమర్చుకుంటారు. కొత్తగా మొదలుపెట్టేవారు ఒక్క ఊరిని ఎంచుకొంటే మేలు. ముదురు గోధుమరంగు పట్టిన కంచును తోమి మెరిపించరాదు. లిండెన్‌ముల్లర్ టోకెన్లు ఈనాటికీ సులువుగానే దొరుకుతాయి. నాడు ఒక్క సెంటైనా రాల్చని ఆ ముక్కకు ఇప్పుడు డాలర్లలో వెల!