వంటగ్యాసు వాసన: గంధకం కాచే కాపలా

వంటగ్యాసు ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువుల మిశ్రమం. దానికి రంగు లేదు, స్వతహాగా చెప్పుకోదగిన వాసనా లేదు. గ్యాస్ బండ లీకైనప్పుడు ముక్కుకు సోకే దుర్గంధం, దానిలో కావాలని కలిపే ఇథైల్ మెర్కాప్టన్ అనే ద్రవానిది. ఇది గంధకం గల కర్బన సమ్మేళనం.

నిర్మాణం, తయారీ

సారాయిలో ఉండే ఇథైల్ ఆల్కహాల్ అణువులో ఆక్సిజన్‌కు బదులు గంధకం చేరితే ఇథైల్ మెర్కాప్టన్ అవుతుంది. ఆక్సిజన్, గంధకం, సెలీనియం, టెల్లూరియం ఆవర్తన పట్టికలో ఒకే వర్గానికి చెందిన మూలకాలు. అయినప్పటికీ ఈ ఒక్క మార్పుతో గుణాలు ఎంతో మారుతాయి. ఆల్కహాల్ 78 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. మెర్కాప్టన్ 35 డిగ్రీలకే మరుగుతుంది. అందువలన అది సులభంగా ఆవిరై గ్యాసుతో పాటు వెలువడుతుంది. దీనిని 1834లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు జైసె వెలువరించాడు. పాదరసాన్ని పట్టుకొనే గుణం ఉన్నందున లాటిన్ భాషలో ఆ అర్థం వచ్చే పేరు దీనికి ఏర్పడింది. పరిశ్రమలలో ఇథిలీన్, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువులను ఉత్ప్రేరకం సమక్షంలో కలిపి దీనిని తయారు చేస్తారు.

వాసన కలపడం ఎందుకు?

1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, న్యూ లండన్ అనే ఊరి పాఠశాల భవనం కింద వాసన లేని సహజవాయువు పేరుకొని పేలిపోయింది. సుమారు 300 మంది విద్యార్థులు, ఉపాధ్యాయులు మరణించారు. గ్యాసుకు వాసన కలపాలని ఆ రాష్ట్రం అదే ఏడాది చట్టం చేసింది.

వంటగ్యాసు గాలిలో సుమారు 2 శాతం చేరితే నిప్పు అంటుకుంటుంది. అందులో ఐదవ వంతు ఉన్నప్పుడే వాసన తెలియాలన్నది సాధారణంగా పాటించే నియమం. సరిహద్దు గ్రామాలలో బండ మీది హెచ్చరికలు ఇంటి భాషలో ఉండకపోవచ్చు. వాసనను చదవడానికి ఏ లిపీ రానక్కరలేదు.

కాపలాకు ఉన్న హద్దులు

మంట సరిగా మండుతున్నప్పుడు మెర్కాప్టన్ కూడా కాలిపోతుంది, వాసన రాదు. కనుక వాసన వచ్చిందంటే కాలని గ్యాసు బయటికి వస్తున్నట్లే. బండ అయిపోవచ్చినప్పుడు అడుగున మెర్కాప్టన్ పాలు పెరిగి వాసన ఎక్కువ కావచ్చు. అలాగని లీకు లేదని అనుకోరాదు.

కొద్దిసేపటికి ముక్కు ఏ వాసనకైనా అలవాటు పడుతుంది. వాసన తగ్గినంత మాత్రాన గ్యాసు పోయినట్లు కాదు. జలుబు చేసినవారికి, వృద్ధులకు వాసన తెలియకపోవచ్చు. అటువంటివారు ఒంటరిగా ఉండే ఇంటికి ఇరుగుపొరుగువారి ముక్కే రక్ష.

చేయవలసినవి

వాసన రాగానే మంటలన్నీ ఆర్పి, రెగ్యులేటర్ కట్టేయాలి. తలుపులు, కిటికీలు తెరవాలి. గాలికంటే బరువైన వంటగ్యాసు నేలబారున పేరుకుంటుంది కనుక పిల్లలను ముందుగా బయటికి పంపాలి. లైటు స్విచ్ వేయరాదు, వేసి ఉంటే ఆర్పరాదు. చిన్న నిప్పురవ్వ చాలు. అగ్గిపుల్ల గీసి లీకు వెదకడం ప్రాణాంతకం. గొట్టానికి సబ్బునీరు పూస్తే లీకైన చోట బుడగలు వస్తాయి. ఇంటి బయటికి వచ్చిన తరువాతనే 1906 నంబరుకు ఫోన్ చేయాలి. సరిహద్దుకు ఏ వైపున ఉన్నా, ఏ రాష్ట్రమైనా ఆ నంబరు ఒక్కటే.