ఇన్‌బాక్స్ లెక్క ఎందుకు కలవలేదు: సర్వర్‌కూ మెయిల్ ప్రోగ్రాముకూ మధ్య నలభై ఏళ్లు

ఈమెయిల్ చరిత్ర చెప్పేవాళ్లంతా ఇంచుమించు ఒకే వరస చెబుతారు. సర్వర్ నుంచి మెయిల్ తెచ్చుకునే పద్ధతుల్లో మొదట పాప్ వచ్చింది, అది మోటుది. తర్వాత ఐమ్యాప్ వచ్చింది, అది మెరుగు. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఒకే ఇన్‌బాక్స్‌ను రెండు మూడు చోట్ల చూడాల్సి రావడంతో సింక్ అనే అవసరం పుట్టింది. ఇప్పుడు జేమ్యాప్ వచ్చి ఆ పని పూర్తిచేస్తోంది. వినడానికి కథ బాగానే ఉంది కానీ, తారీఖులు దగ్గర పెట్టుకుని చూస్తే నిలవదు. సింక్ అవసరమని గుర్తించిందీ, దానికో పద్ధతి రాసిపెట్టిందీ స్మార్ట్‌ఫోన్ల కాలంలో కాదు, 1986లో. ఆ ఆలోచనను ఇరవై ఏళ్ల పాటు ఎందుకు అటకెక్కించారన్నది ఎవరూ పెద్దగా అడగని ప్రశ్న.

అమెరికా విశ్వవిద్యాలయాల నుంచి చూస్తే ఇది చిన్న ప్రశ్నే. ఫోన్ లైను మాటిమాటికీ తెగిపోయిన ఊళ్ల నుంచి చూస్తే కాదు. అందుకే ఈ పరిశీలనకు తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్‌లను తీసుకున్నాను. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా కన్యాకుమారికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మదురై దాటాక ఈ రెండు ఊళ్ల మీదుగానే సాగుతుంది. రెంటి మధ్య సుమారు యాభై కిలోమీటర్లు. నల్లరేగడి నేల, తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్న ప్రాంతం. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్, కు. అళగిరిసామి ఇద్దరి ఇంటి భాషా తెలుగే. విరుదునగర్ పప్పులు, నూనెలు, మిరపకాయల వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలకూ, 2020లో భౌగోళిక గుర్తింపు దక్కిన పల్లీ మిఠాయికీ ప్రసిద్ధి. క్యాలెండర్లు, లేబుళ్లు అచ్చేసే శివకాశి విరుదునగర్ జిల్లాలోదే. ఈ వ్యాపారాలన్నీ దూరపు ఊళ్ల ఆర్డర్ల మీద నడిచేవి. వేళకు చేరని వర్తమానం వీళ్లకు నేరుగా నష్టం.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. ఇంటర్నెట్ పద్ధతులను వివరించే ఆర్‌ఎఫ్‌సి పత్రాల్లో పాప్ గురించిన మొదటిది ఆర్‌ఎఫ్‌సి 918, 1984 అక్టోబరులో వచ్చింది. నేటికీ వాడుకలో ఉన్న మూడో రూపం 1988లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ 1986లో ఐమ్యాప్ మొదలుపెట్టాడు. మన దేశంలో అదే ఏడాది విద్యా, పరిశోధన సంస్థల నెట్‌వర్క్ ఎర్నెట్ మొదలైంది. ఐఐటీల మధ్య డయలప్ మీద మెయిల్ నడిచింది, మద్రాసు ఐఐటీ అందులో ఒకటి. ఆ తర్వాత ప్రభుత్వ నెట్‌వర్క్ నిక్‌నెట్ ఉపగ్రహం ద్వారా జిల్లా కేంద్రాలను కలిపింది. విరుదునగర్ జిల్లా కేంద్రం, కోవిల్‌పట్టి కాదు. అంటే మొదటి నుంచీ ఈ రెండు ఊళ్లకు అందిన వరస ఒకటి కాదు. మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్‌తో వచ్చింది, అదీ మొదట మహానగరాలకే.

ఇక అసలు విషయం. 1986 మే నెలలో ఎంఐటీ నుంచి డేవిడ్ క్లార్క్, మార్క్ లాంబర్ట్ పీసీమెయిల్ అనే వ్యవస్థను వివరిస్తూ ఆర్‌ఎఫ్‌సి 984 ప్రచురించారు. దాని చివరి రూపం 1988 జూన్ నాటి ఆర్‌ఎఫ్‌సి 1056. ఒకే మనిషికి రెండు మూడు కంప్యూటర్లు ఉండొచ్చు, అవి ఎప్పుడూ నెట్‌వర్క్‌కు తగిలి ఉండకపోవచ్చు అన్న ఊహ మీదే ఆ వ్యవస్థ మొత్తం కట్టారు. మెయిళ్ల అసలు ప్రతి సర్వర్ దగ్గర ఉంటుంది. ప్రతి కంప్యూటర్ పేరు మీదా సర్వర్ ఒక జాబితా రాసుకుంటుంది: ఈ యంత్రం పోయినసారి వచ్చి వెళ్లాక ఏయే మెయిళ్ల స్థితి మారింది అని. కంప్యూటర్ మళ్లీ తగలగానే మారినవి మాత్రమే అడిగి తీసుకుంటుంది. అందాయని చెప్పాక సర్వర్ వాటిని జాబితా నుంచి కొట్టేస్తుంది. లైను లేనప్పుడు వాడుకరి చేసిన మార్పులు ఆ తర్వాత సర్వర్‌కు చేరతాయి. ఈ రోజు సింక్ అని మనం దేన్ని పిలుస్తున్నామో అది ఇదే.

దీన్ని గొప్ప చేసి చెప్పడం తేలికే కానీ, లోపాలు కూడా చెప్పాలి. ప్రతి యంత్రానికీ ఒక జాబితా అంటే వాడుకరులు లక్షల్లో ఉంటే సర్వర్ మోయలేదు. పాత కంప్యూటర్ మూలన పడితే దాని పేరిట జాబితా పెరుగుతూనే ఉంటుంది. ఎంఐటీ ప్రయోగశాలలో నడిచిన పద్ధతి అలాగే దేశాల మీదికి వచ్చి ఉండేదని నేను అనను. నేను అనేది ఒక్కటే: ప్రశ్న సరైనది, 1986లోనే దాన్ని స్పష్టంగా అడిగారు.

అదే కాలంలో పుట్టిన ఐమ్యాప్ వేరే ప్రశ్నకు జవాబు. మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది, లైను నిలకడగా ఉంటుంది, దూరాన్నుంచి కిటికీలో చూసినట్టు చూద్దాం అన్నది దాని మూలం. క్యాంపస్‌లో అది చక్కటి ఊహే. మెయిళ్లకు వరస సంఖ్యలుండేవి. ఏడోది తీసేస్తే ఎనిమిదోది ఏడోదైపోతుంది. లైను తెగి మళ్లీ వచ్చేసరికి మన దగ్గరున్న అంకెలకు అర్థం ఉండదు. 1994 డిసెంబరులో వచ్చిన ఐమ్యాప్ నాలుగో రూపం మారని గుర్తింపు సంఖ్యలను ప్రమాణంలోకి తెచ్చింది. దాంతోపాటే వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 1733, లైను తెంచుకుని పనిచేసి మళ్లీ వచ్చి కలిసే తీరును పేరుపెట్టి మరీ వివరించింది. అంటే తెలియకపోవడం కాదు. తెలిసి కూడా, 'నేను పోయినసారి వచ్చాక ఏం మారింది?' అని సర్వర్‌ను అడిగే వీలు మాత్రం ఇవ్వలేదు. కొత్త మెయిళ్లు తెలుసుకోవచ్చు. పాతవాటిలో ఏవి చదివారో, ఏవి తీసేశారో తెలియాలంటే మొత్తం మళ్లీ అడగాల్సిందే.

ఈ లోటు ఖరీదు లెక్కేసి చూడండి. ఇన్‌బాక్స్‌లో 10,000 మెయిళ్లున్నాయి. ఒక్కోదాని స్థితి చెప్పడానికి సర్వర్ పంపే వరుస సుమారు 40 బైట్లు. మొత్తం 400 కిలోబైట్లు. 56 కిలోబిట్ల మోడెమ్ మీద చేతికొచ్చే వేగం సెకనుకు 5 కిలోబైట్లనుకుంటే 80 సెకన్లు. ఇంతా చేసి తెలిసేది ఏమీ మారలేదని! మధ్యలో లైను తెగితే మళ్లీ మొదటి నుంచి. అందులోనూ ఆ కాలంలో కనెక్షన్‌కు నిమిషాల లెక్కన డబ్బు.

అందుకే చిన్న ఊళ్లలో పాప్ రాజ్యమేలింది. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు అనుమతి వచ్చి, మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే లాంటివి డయలప్ అమ్మడం మొదలుపెట్టాక మెయిల్ వాడకం పెరిగింది. కనెక్ట్ అవ్వు, ఉన్నవన్నీ దించుకో, లైను కట్ చెయ్యి. మీటరు తిరిగే చోట ఇంతకంటే తెలివైన పద్ధతి లేదు. పాప్‌ను వెనకబాటుతనం కింద జమకట్టేవాళ్లు ఈ మీటరును మరచిపోతున్నారు.

కాకపోతే దాని ఫలితం అనుభవించక తప్పలేదు. ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆఫీసును ఊహించుకోండి. శివకాశి నుంచి లేబుల్ డిజైన్ 5 మెగాబైట్ల అటాచ్‌మెంట్‌గా వచ్చింది. గుమాస్తా పొద్దున్నే పావుగంటకు పైగా ఆగి దించుకున్నాడు. సర్వర్‌లో ప్రతి ఉంచాలన్న చోట టిక్కు లేదు. మదురై వెళ్లిన యజమాని నెట్ సెంటర్లో కూర్చుని చూస్తే ఇన్‌బాక్స్ ఖాళీ. డిజైన్ రాలేదని శివకాశికి ఫోన్ చేస్తాడు, వాళ్లు మళ్లీ పంపుతారు. ఇప్పుడు రెండు ప్రతులు. ఏది ఖాయమైనదో ఎవరికీ తెలియదు. ఆర్నెల్లకు హార్డ్‌డిస్క్ పోతే రెంటిలో ఒకటి ఎటూ పోతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. అప్పటి సర్వర్లలో చోటే లేదు కదా, సింక్ ఎంత బాగున్నా మెయిల్ ఎక్కడ దాచేవారు? నిజమే. హాట్‌మెయిల్ ఉచితంగా ఇచ్చింది 2 మెగాబైట్లు. ఈ అభ్యంతరాన్ని సగం ఒప్పుకుంటాను, 2004 వరకు. ఆ ఏప్రిల్‌లో జీమెయిల్ ఒక గిగాబైట్ ఇచ్చింది. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. చోటూ వచ్చింది, లైనూ మెరుగుపడింది. అయినా జీమెయిల్ బయటి ప్రోగ్రాములకు మొదట పాప్ ఇచ్చి, ఐమ్యాప్ 2007 అక్టోబరులో గానీ ఇవ్వలేదు.

అసలు కారణం నా లెక్కలో వేరు. తెగే లైను మీద చక్కగా సింక్ చేయడం అప్పటికి అమ్ముకునే సరుకైంది. బ్లాక్‌బెర్రీ వ్యాపారం దాని మీదే నిలబడింది. మైక్రోసాఫ్ట్ 2003 ఎక్స్ఛేంజ్ సర్వర్‌లో యాక్టివ్‌సింక్ అనే తన సొంత సింక్ పద్ధతిని చేర్చి లైసెన్సుల కింద ఇచ్చింది. ఎవరైనా వాడుకోగల ప్రమాణాన్ని మెరుగుపరచాలన్న తొందర పెద్ద కంపెనీలకు లేకపోయింది. దీన్ని కుట్ర అనను. లాభం ఎటుంటే శ్రద్ధ అటు పోయింది, అంతే.

ప్రమాణాల వైపు పని చేసింది కొద్దిమంది. 2006 జూన్‌లో అలెక్సీ మెల్నికోవ్, స్టీవ్ హోల్ రాసిన కండ్‌స్టోర్, 2008 మార్చిలో వచ్చిన క్యూరీసింక్ అనే చేర్పులు ఐమ్యాప్‌లోని పాత లోటు తీర్చాయి. పద్ధతి విరుదునగర్ మండీ చిట్టాపుస్తకం లాంటిది: ప్రతి మార్పుకూ పెరిగే ఒక సంఖ్య, 'నేను 412 దాకా చూశాను, తర్వాతివి చూపించు' అంటే చాలు. పీసీమెయిల్‌లా యంత్రానికో జాబితా అక్కర్లేదు, పెట్టె మొత్తానికి ఒక్క లెక్క చాలు. 80 సెకన్ల పని ఒకటి రెండు వరుసల్లో తేలిపోతుంది. తొలి ఐఫోన్ 2007 జూన్‌లో వచ్చింది. కండ్‌స్టోర్ అంతకు ఏడాది ముందే ప్రచురితమైంది. స్మార్ట్‌ఫోన్లే సింక్‌ను పుట్టించాయన్న మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. అవి దాన్ని అందరికీ అవసరం చేశాయి, అంతవరకు నిజం. కానీ ఈ చేర్పులు ఐచ్ఛికం. ఇష్టమైన సర్వర్లు ఇచ్చాయి, లేనివి లేదు. మెయిల్ ప్రోగ్రాము రాసేవాడు రెండు దార్లకూ కోడ్ రాయాల్సి వచ్చింది.

ఆస్ట్రేలియాకు చెందిన ఫాస్ట్‌మెయిల్ వాళ్లు మొదలుపెట్టిన జేమ్యాప్ ఈ చిక్కును మొదటి నుంచి విప్పింది. 2019 జులై, ఆగస్టుల్లో ఆర్‌ఎఫ్‌సి 8620, 8621గా ప్రమాణమైంది. సర్వర్ ప్రతి జవాబుతోపాటు ప్రస్తుత స్థితికి ఒక గుర్తు ఇస్తుంది. తర్వాత ఆ గుర్తు చూపిస్తే కొత్తగా వచ్చినవి, మారినవి, పోయినవి మూడు జాబితాలుగా అందుతాయి. గుర్తు మరీ పాతదైతే తేడా చెప్పలేనని సర్వర్ నిజాయితీగా చెప్పేస్తుంది. నాలుగు అభ్యర్థనలు ఒకే మూటలో పంపొచ్చు. మామూలు వెబ్ దారిలోనే నడుస్తుంది కాబట్టి, బస్సు ఈ రెండు ఊళ్ల మధ్యనున్న సాత్తూరు దాటుతుండగా ఫోన్ సిగ్నల్ పోయి వచ్చినా పట్టుకుని కూర్చోవాల్సిన కనెక్షన్ ఏదీ లేదు. ఐమ్యాప్ పాతికేళ్లలో ఐచ్ఛికంగా పోగుచేసుకున్నది ఇందులో పునాదిలోనే ఉంది.

సాంకేతికంగా ఇది మంచి పని. అయినా దీన్ని విజయమని నేను అనలేను. జీమెయిల్ దీన్ని ఇవ్వదు, బయటి ప్రోగ్రాములకు ఏపీఐ అనే తన సొంత దారి ఇస్తుంది. మైక్రోసాఫ్ట్‌దీ అదే దారి. 2003లో జరిగిందే మళ్లీ జరుగుతోంది. ఇంకో సందేహం కూడా ఉంది. సింక్ బాగా కుదిరినకొద్దీ తీసివేతలు కూడా అన్నిచోట్లకూ అంతే చురుగ్గా చేరతాయి. అళగిరిసామి తన మిత్రుడు రాజనారాయణన్‌కు రాసిన ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయంటే, అందుకున్నాయన వాటిని దాచుకోబట్టే. సింక్‌ను భద్రపరచడంగా పొరబడుతున్న ఈ తరం ఆ పని విడిగా చేసుకోవాలి.

మన దేశంలో ఇప్పుడు ఒక అవకాశం ఉంది. కోవిల్‌పట్టికి పశ్చిమాన, తెన్‌కాశి దగ్గర మత్తళంపారైలో సాఫ్ట్‌వేర్ సంస్థ జోహో 2011 నుంచి ఆఫీసు నడుపుతోంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సుమారు 12 లక్షల ఈమెయిల్ ఖాతాలు ఆ సంస్థ వేదిక మీదికి మారాయని 2025లో వార్తలొచ్చాయి. సర్వర్ మన దేశంలో ఉందని సంబరపడితే సరిపోదు. ఆ సర్వర్‌తో ఎవరు రాసిన ప్రోగ్రామైనా పూర్తిగా మాట్లాడగలగాలి. రేపు వేదిక మార్చాలనుకుంటే మెయిళ్లు వాటి స్థితితో సహా కదలాలి. ప్రభుత్వ టెండర్లలో బహిరంగ సింక్ ప్రమాణాన్ని తప్పనిసరి షరతు చేయాలి. మన రెండు తెలుగు రాష్ట్రాలు కూడా ఉద్యోగుల మెయిల్ ఒప్పందాల్లో ఈ ఒక్క షరతూ రాయించుకోవాలి. 1986లో ఒక ప్రయోగశాల ఉచితంగా రాసిచ్చిన ఆలోచనను ఇంకో ఇరవై ఏళ్లు కంపెనీల దగ్గర అద్దెకు తీసుకోనక్కర్లేదు.