అర మిల్లీమీటరు పొర మీద ఎనభై ఏళ్ల పని

సైటు తీయించుకుందామని పెద్ద కంటాసుపత్రికి వెళితే మాటల కంటే ముందు ధరల పట్టిక వస్తుంది. పీఆర్‌కే, లాసిక్, బ్లేడు వాడని ఫెమ్టో లాసిక్, స్మైల్ అని వరసగా పేర్లుంటాయి. చివరికి వెళ్లేకొద్దీ రేటూ పెరుగుతుంది, పద్ధతీ కొత్తదవుతుంది. సెల్‌ఫోన్ల కొట్లో అలవాటు పడ్డ కళ్లు ఈ పట్టికనీ అలాగే చదువుతాయి: ఖరీదైనది మేలైనది, మొదట ఉన్నది పాతబడిపోయినది, జేబు సహకరించనివాళ్లకు మిగిలినది. ఈ చదువు తప్పు. ఈ ఆపరేషన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కిన మెట్లు కావు. ప్రతిదీ తన ముందుదాని వల్ల కంటికి వచ్చిన ఒక ఇబ్బందిని తప్పించడానికి పుట్టింది, తప్పించింది కూడా. కానీ ఆ తప్పించినదాని ఖరీదును కంట్లోనే ఇంకోచోట రాబట్టుకుంది. ఎవరు దేనికి జడిసి ఏది కనిపెట్టారో తెలిస్తేనే ఆ పట్టిక అర్థమవుతుంది.

ఈ కథంతా జరిగింది కార్నియా మీద. నల్లగుడ్డుకు ముందు, చేతి గడియారం మీద అద్దంలా కూర్చున్న పారదర్శకమైన పొర అది. మధ్యలో దాని మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు చిల్లర. కంటికున్న మొత్తం 60 డయాప్టర్ల శక్తిలో 43 దాకా ఈ పొరదే. కంటి లోపలి లెన్సు కంటే కాంతిని ఎక్కువ వంచేది ఇదే. పైగా చేతికి అందేచోట ఉంది, రక్తనాళాలు లేవు. అందుకే వైద్యుల చూపు దీని మీద పడింది. నిజానికి దగ్గరివే కనిపించి దూరపువి మసకబారే హ్రస్వదృష్టిలో తప్పు చాలావరకు కార్నియాది కాదు, కనుగుడ్డు ఉండాల్సినదానికంటే పొడుగు కావడం. ఒక మిల్లీమీటరు పొడుగు పెరిగితే రెండున్నర, మూడు డయాప్టర్ల సైటు వస్తుంది. గుడ్డును కుదించలేం కాబట్టి, తప్పు చేయని కార్నియాను చదును చేసి లెక్క సరిపెడతారు. సైటు పోతుంది, గుడ్డు పొడుగు మాత్రం అలాగే ఉంటుంది.

కార్నియాను చదును చేయాలన్న ఆలోచన లేజర్ కంటే పాతది. 1930ల చివర టోక్యోలోని జుంటెండోలో త్సుటోము సాటో అనే వైద్యుడు కార్నియా మీద చక్రం ఆకుల ఆకారంలో సన్నగా కోతలు పెట్టి సైటు తగ్గించాడు. బయటి నుంచే కాదు, లోపలి వైపు నుంచి కూడా కోశాడు. లోపలి అంచున ఉన్న ఒంటి వరస కణాలే కార్నియాలోని నీటిని తోడేస్తూ దాన్ని పారదర్శకంగా ఉంచుతాయనీ, అవి పోతే మళ్లీ పుట్టవనీ అప్పటికి ఎవరికీ తెలియదు. ఆపరేషన్ చేసిన మొదటి ఏళ్లలో అంతా బాగానే ఉంది. పదీ ఇరవై ఏళ్లకు ఆ కళ్లలో ఎక్కువభాగం ఉబ్బి, మసకబారాయి. ఈ చరిత్రలో పదే పదే ఎదురయ్యే సంగతి ఇది: కార్నియా బిల్లు వెంటనే పంపదు.

మాస్కోలో స్వియతస్లావ్ ఫ్యోదరోవ్ 1970ల్లో సాటో పొరపాటును దిద్దుకుని, కోతల్ని బయటి వైపుకే పరిమితం చేశాడు. ఆయన ఆసుపత్రిలో రోగుల మంచాలు వరసగా కదులుతూ ఒక్కో సర్జన్ ముందు ఆగేవి, ఒక్కొక్కరూ ఒక్కో పని చేసి పంపేవారు. అచ్చం కార్ల ఫ్యాక్టరీ. ఆ ఆపరేషన్ అమెరికాకు వెళ్లాక, 1980ల మొదట్లో ప్రభుత్వ నిధులతో పెద్ద అధ్యయనం మొదలైంది. పదేళ్ల ఫలితాలు 1994లో వచ్చాయి. చూపు బాగుపడ్డ మాట నిజమే. కానీ 43 శాతం కళ్లు ఆపరేషన్ అయిన ఆరు నెలల నాటి స్థితి నుంచి ఒక డయాప్టరో అంతకంటే ఎక్కువో రెండో వైపుకు, ప్లస్ వైపుకు జరిగిపోయాయి. నిలువునా లోతుగా తెగిన కార్నియా ఏళ్ల తరబడి మెల్లగా సడలుతూనే ఉందన్నమాట. 1996లో ఎవరెస్టు ఎక్కుతూ ఒక అమెరికన్ డాక్టర్ శిఖరానికి దగ్గర్లో చూపు ఆనక ఆగిపోవడానికి కారణం ఈ కోతలే. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ కార్నియా ఉబ్బి, ఆకారం మారింది.

ఇంకో దారి బొగోటాలో తెరుచుకుంది. బార్సిలోనా నుంచి కొలంబియాకు వలసవెళ్లిన హోసే ఇగ్నాసియో బర్రకేర్ కార్నియా పైభాగాన్ని బిళ్లలా కోసి, గడ్డకట్టించి, లేతు మీద కాంటాక్ట్ లెన్సులా చెక్కి, తిరిగి కుట్టేవాడు. దానికి ఆయన పెట్టిన పేరు కెరటోమైల్యూసిస్, కార్నియాను చెక్కడం అని అర్థం. లాసిక్ అన్న పేరు చివర నిలిచిన ‘క్’ ఈ మాటదే. కోయడం కంటే చెక్కడం మేలన్న ఆయన ఆలోచన సరైనదే. లేనిదల్లా కణజాలాన్ని చెడగొట్టకుండా చెక్కే ఉలి.

ఆ ఉలి కంటి వైద్యంతో ఏ సంబంధమూ లేనిచోట దొరికింది. న్యూయార్క్ దగ్గర యార్క్‌టౌన్ హైట్స్‌లోని ఐబీఎం పరిశోధనాలయంలో, మద్రాసులో పుట్టి చదువుకున్న రంగస్వామి శ్రీనివాసన్ అనే రసాయన శాస్త్రవేత్త 193 నానోమీటర్ల అతినీలలోహిత ఎక్సైమర్ లేజర్‌తో ప్లాస్టిక్ పొరల్ని చెక్కుతున్నాడు. జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ ఆయన సహచరులు. 1981 నవంబరు 27, థాంక్స్‌గివింగ్ పండుగ మర్నాడు, శ్రీనివాసన్ ఇంట్లో మిగిలిన టర్కీ కోడి ముక్కను ల్యాబ్‌కు తెచ్చి దాని మృదులాస్థి మీద ఆ కిరణాన్ని పడేశాడు. ఆకుపచ్చ కాంతినిచ్చే మామూలు లేజర్ అదే మృదులాస్థిని మాడ్చి, అంచుల్ని నల్లబరిచింది. ఎక్సైమర్ తగిలినచోట మాత్రం అంచులు బ్లేడుతో గీసినట్టు తేటగా ఉన్నాయి, పక్కనున్న కణజాలం చెక్కుచెదరలేదు. ఆ కాంతి కణాల శక్తి అణువుల బంధాల్ని నేరుగా తెంచేస్తుంది. తెగిన ముక్కలు వేడిని పక్కకు పంచేలోపే ఎగిరిపోతాయి. ఒక్కో స్పందనకు పోయేది మైక్రానులో పావు వంతు. పండగ పూట మిగిలిన కూర ఇంతదూరం రావడం విడ్డూరమే. అయినా ఐబీఎం ముగ్గురికీ అమెరికా జాతీయ సాంకేతిక పతకం దక్కడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

కొలంబియా విశ్వవిద్యాలయపు కంటి వైద్యుడు స్టీఫెన్ ట్రోకెల్ శ్రీనివాసన్‌తో కలిసి దీన్ని కార్నియా మీద ప్రయోగించి 1983లో ప్రచురించాడు. 1988లో మార్గరెట్ మెక్‌డొనాల్డ్ న్యూ ఆర్లియన్స్‌లో చూపున్న మనిషి కంటికి మొదటిసారి చేసింది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1995లో అనుమతి ఇచ్చింది. ఇదే పీఆర్‌కే: పైచర్మాన్ని గీకేసి, కింద బయటపడ్డ పొరను లేజర్‌తో చెక్కుతారు. ఎంత చెక్కాలన్నదానికి మన్నర్లిన్ సూత్రం ఉంది. ఆరు మిల్లీమీటర్ల వెడల్పున చెక్కితే డయాప్టరుకు సుమారు 12 మైక్రాన్లు పోతాయి. మైనస్ 6 సైటుకు 72. దీని చిక్కు నొప్పి. పైచర్మం మళ్లీ పట్టేదాకా మూడు నాలుగు రోజులు మంట, కన్నీళ్లు. చూపు తేటపడటానికి వారాలు. ఎక్కువ సైటున్నవారికి మసక మచ్చ పడే భయం.

ఆ నొప్పికి జవాబు లాసిక్. క్రీట్ ద్వీపంలో పల్లికారిస్, ఇటలీలో బురాట్టో 1990 ప్రాంతంలో బర్రకేర్ బిళ్లనూ శ్రీనివాసన్ కాంతినీ కలిపారు. కార్నియా పైభాగాన్ని పూర్తిగా కోయకుండా పుస్తకం అట్టలా తెరిచి, లోపల చెక్కి, మూసేస్తారు. మర్నాటికి చూపు. జనం ఎగబడ్డారంటే ఆశ్చర్యం లేదు. అయితే ఆ ‘ఫ్లాప్’ మునుపటిలా ఎన్నటికీ అతుక్కోదు. దాన్ని కోసేటప్పుడు తెగిన నరాల వల్ల కళ్లు పొడిబారతాయి. అన్నిటినీ మించి, ఫ్లాప్ మందం కార్నియా బలంలోకి లెక్కకు రాదు. 1998లో థియో సైలర్ లాసిక్ తర్వాత కార్నియా ఉబ్బి ముందుకు పొడుచుకొచ్చిన కేసుల్ని బయటపెట్టాడు. అప్పటి నుంచి ఫ్లాప్ కింద కనీసం 250 మైక్రాన్లు మిగలాలన్నది వాడుక అయింది. అదీ ఒక కట్టుబాటే, హామీ కాదు.

ఒక కన్ను తీసుకుని లెక్క వేస్తే ఇది తేటపడుతుంది. 480 మైక్రాన్ల పలుచని కార్నియా, మైనస్ 8 సైటు. చెక్కాల్సింది 96. పాత బ్లేడు ఫ్లాప్ 160 అనుకుంటే కింద మిగిలేది 224, గీత దాటిపోయింది. ఫెమ్టో లేజర్ 110 మైక్రాన్ల ఫ్లాప్ తీస్తే 274, గీతకు అంచున. అదే పీఆర్‌కేలో గీకిన 50 మైక్రాన్ల పైచర్మం తిరిగి పెరుగుతుంది, దాన్ని పక్కన పెట్టినా 334 మిగులుతుంది. పట్టికలో చవకగా కనిపించే పద్ధతి కార్నియాను ఎక్కువగా మిగిల్చేది. అమెరికా నౌకాదళం తన పైలట్లకు మొదట అనుమతించింది కూడా పీఆర్‌కేనే. దెబ్బ తగిలితే ఫ్లాప్ జరుగుతుందన్న భయం అక్కడ లేదు.

ఫెమ్టో లేజర్ కంటి వైద్యంలోకి రావడం కూడా ఒక పొరపాటు వల్లే. సెకనును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఫెమ్టోసెకండ్. అంత పొట్టి స్పందనల్ని బలంగా తీయడం సాధ్యం చేసిన డొనా స్ట్రిక్‌లాండ్, జెరార్ మూరూలకు 2018లో నోబెల్ వచ్చింది. 1993లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి కంట్లో ఆ కిరణం పడింది. పరీక్షించిన యువ వైద్యుడు రాన్ కర్ట్జ్‌కు రెటీనా మీద కనిపించింది చుట్టూ ఏమీ కాలకుండా గుండ్రంగా పడ్డ మచ్చ. అక్కడి నుంచి తిబోర్ యుహాస్‌తో కలిసి ఫ్లాప్ కోసే యంత్రం దాకా వెళ్లాడు. జర్మనీలో సెకుండో, బ్లమ్ (ఐబీఎం బ్లమ్ కాదు, ఇంకొకరు) ఇంకో అడుగు వేసి స్మైల్‌ను తెచ్చారు. ఫెమ్టో లేజర్ కార్నియా లోపలే చిన్న లెన్సు ఆకారాన్ని విడదీస్తుంది. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల రంధ్రం నుంచి సర్జన్ దాన్ని చేత్తో లాగేస్తాడు. ఫ్లాప్ లేదు. వడోదరలో రూపల్ షా దీన్ని తొలినాళ్లలోనే చేసి ఫలితాలు ప్రచురించినవారిలో ఉంది.

ఇక్కడ ఎవరైనా అడ్డుపడొచ్చు: మరి స్మైల్ నిజంగానే మేలు కదా, ఫ్లాప్ ఖరీదు లేకుండానే పని అయిపోయింది కదా అని. పొడిబారడం తక్కువన్న మాట నిజం. కానీ లెన్సు ముక్కను విడదీసి లాగడంలో సర్జన్ చేతిపనే కీలకం. కొంచెం సైటు మిగిలిపోతే తిరిగి ఎత్తడానికి ఫ్లాప్ లేదు, అప్పుడు తరచుగా చేసేది పైనుంచి పీఆర్‌కే! పట్టికలో అన్నిటికంటే కొత్తదాని పొరపాటును దిద్దేది అందులో అన్నిటికంటే పాతది. ఇక కార్నియా మరీ పలచగా ఉంటే, సైటు మరీ ఎక్కువైతే, అసలు కార్నియా జోలికే పోకుండా కంటి లోపల లెన్సు పెట్టే ఐసీఎల్ ఉంది. అది లోపలి ఆపరేషన్, ఆ లోపలి జాగ్రత్తలన్నీ దానికి ఉంటాయి.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఇన్ని కోట్లమంది చేయించుకున్నారు, నూటికి తొంభై అయిదుగురికి పైగా తృప్తిగా ఉన్నారని సర్వేలు చెబుతుంటే ఈ ఖరీదుల గోల ఎందుకు? ఆ తృప్తి నిజమే, తోసేయాల్సింది కాదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థే చేయించి 2017లో ప్రచురించిన లాసిక్ అధ్యయనాల్లోనూ అదే కనిపించింది, దృష్టి ఇబ్బందులున్నవారి వాటా మొత్తం మీద తగ్గింది కూడా. అదే అధ్యయనాల్లో, అంతకుముందు ఏ ఇబ్బందీ లేనివారిలో 43 నుంచి 46 శాతం మందికి మూడు నెలల నాటికి దీపాల చుట్టూ వలయాలో, చీలిన కాంతో, నీడబొమ్మో కొత్తగా కనిపించాయి. తీవ్రంగా ఇబ్బంది పడినవారు నూటికి ఒక్కరు కూడా లేరు. రాత్రిపూట లారీ హెడ్‌లైట్ల చుట్టూ వలయం చూస్తూ కూడా మనిషి తృప్తిగా ఉండగలడు, కళ్లజోడు పోయినందుకు. రెండూ ఒకే మనిషిలో ఇముడుతాయి. ఆ వలయం నెలకు ఇరవై రాత్రులు బండి నడిపేవాడికి ఒక ఖరీదు, ఇంటిపట్టున ఉండేవాడికి ఇంకో ఖరీదు. సగటు తృప్తి ఈ తేడా చెప్పదు.

ఏ పద్ధతీ మార్చలేనివి కొన్ని మిగిలాయి. నలభై దాటాక లోపలి లెన్సు బిగుసుకుపోయి దగ్గరి అక్షరాలు ఆనవు. తెలుగువాళ్లు దానికి వయసుతోనే పేరు పెట్టారు: చత్వారం, చాలీసు. లేజర్ చేయించుకున్నవారికీ అది వస్తుంది. గుడ్డు పొడుగు తగ్గలేదు కాబట్టి రెటీనా సాగి చిరిగే ముప్పూ తగ్గదు, మైనస్ 8 మనిషి జోడు తీసేసినా మైనస్ 8 కంటితోనే రెటీనా పరీక్షకు వెళ్లాలి. అరవైల్లో శుక్లాల ఆపరేషన్‌కు కూర్చున్నప్పుడు ఇంకో చిక్కు: లోపల పెట్టే లెన్సు పవరును లెక్కగట్టే మామూలు సూత్రాలు చెక్కని కార్నియా వంపును నమ్ముకుని తయారైనవి, చెక్కిన కార్నియా వాటిని తప్పుదోవ పట్టిస్తుంది. అప్పుడా సర్జన్ అడిగేది ముప్పై ఏళ్ల కిందట లేజర్‌కు ముందు తీసిన కార్నియా కొలతల కాగితం, అప్పటి సైటు నంబరు. ఏ పద్ధతి ఎంచుకున్నా, ఏ రేటు కట్టినా, ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఫైల్లో ఉండాల్సిన కాగితం అదొక్కటి.