పుంజు వన్నె

మా కోనసీమలో పందెపుఁబుంజునకు వన్నెయే పేరు. తెల్లనిది సేతువ, నల్లనిది కాకి, ఎఱ్ఱనిది డేగ. ఏ దినమున ఏ వన్నె గెలుచునో కుక్కుటశాస్త్రము చెప్పును. కావుననే పెంపకందారులు కోరిన వన్నెకై పుంజును, పెట్టను ఏరి జతగూర్చుచు వచ్చిరి. ఈకల తెలుపు మొదలగు లక్షణములు వంశమున నియమబద్ధముగ దిగునని ఇంగ్లండున బేట్సను పండితుఁడు 1902లో కోళ్లయందే నిరూపించెను. వన్నె దిగును, సరే, గెలుపు దిగునా? బాల్యమున, ఆనాఁటి బలము డేగదేయని విని, మా పెరటి డేగను నేనే చంకనిడుకొని సంక్రాంతి బరికిఁ గొనిపోతిని. జంతువులను పోరునకుఁ బురికొల్పుట 1960 నాఁటి చట్టముచే నేరమని అప్పు డెఱుఁగను. కాకి కాలి కత్తికి అది కూలెను. దాని కూఁతుళ్లయిన పెట్టల క్రింద మాత్రము ఎఱ్ఱని పుంజులు మఱి నాలుగేండ్లు మా పెరట లేచుచునే యుండెను.