వైట్‌నర్ తిరగరాసిన ఎన్నిక

గుమాస్తాల బల్లల మీద ఉండే వైట్‌నర్ సీసా ఒకటి దేశాధ్యక్షుడి పదవికే ఎసరు పెట్టింది. ఆగ్నేయ ఆఫ్రికా దేశం మలావీలో 2019 మే 21న జరిగిన ఆ ఎన్నికకు ‘టిప్-ఎక్స్ ఎన్నిక’ అనే పేరు స్థిరపడింది. మనం వైట్‌నర్ అనేదాన్నే అక్కడ కంపెనీ పేరుతో టిప్-ఎక్స్ అంటారు.

అధ్యక్షుడు పీటర్ ముతారికాకు 38.57 శాతం, ఒకప్పటి పాస్టర్, ప్రతిపక్ష నేత లాజరస్ చక్వేరాకు 35.41 శాతం ఓట్లు వచ్చాయని ఎన్నికల సంఘం ప్రకటించింది. ఉపాధ్యక్ష పదవిలో ఉంటూనే సొంత పార్టీతో బరిలో దిగిన సౌలోస్ చిలిమాకు 20.24 శాతం వచ్చాయి. తీరా ఫలితాల పత్రాలు చూస్తే ఏముంది! అంకెల మీద తెల్లటి పూత, పూత మీద కొత్త అంకెలు.

చక్వేరా, చిలిమా కోర్టుకెక్కారు. జనం రోడ్డెక్కారు. ఎన్నికల సంఘానికి సారథ్యం వహించిన న్యాయమూర్తి జేన్ అన్సా దిగిపోవాలంటూ నెలల తరబడి ఊరేగింపులు సాగాయి. పోలీసులు బాష్పవాయువు ప్రయోగిస్తే, సైనికులు ప్రదర్శకులకు రక్షణగా నిలిచారు.

2020 ఫిబ్రవరి 3న ఐదుగురు జడ్జీలు బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు తొడుక్కుని, సైనిక కాపలాతో లిలాంగ్వేలోని కోర్టుకు వచ్చారు. 500 పేజీల తీర్పు చదవడానికి దాదాపు పది గంటలు పట్టింది. జనం రేడియోలకు చెవులు అప్పగించారు. అక్రమాలు ఒకటీ అరా కావనీ, ఎన్నిక మొత్తాన్నీ చెరిచాయనీ తేల్చిన కోర్టు ఫలితాన్ని రద్దుచేసింది. 150 రోజుల్లో మళ్లీ ఎన్నిక జరపమంది. అంతేకాదు, 1994లో బహుళపార్టీ ఎన్నికలు మొదలైనప్పటి నుంచీ అందరికంటే ఎక్కువ ఓట్లొస్తే చాలుననే పద్ధతి నడిచింది. ఇకపై సగానికి మించి రావాల్సిందేనని కోర్టు కొత్త గీత గీసింది.

ఆఫ్రికాలో అధ్యక్ష ఎన్నిక ఫలితాన్ని కోర్టు కొట్టేయడం ఇదే మొదలు కాదు. 2017లో కెన్యా సుప్రీంకోర్టు ఆ పని చేసింది. కానీ అక్కడ ప్రతిపక్ష నేత రైలా ఒడింగా రెండో పోలింగ్‌ను బహిష్కరించడంతో, పదవిలో ఉన్న ఉహురు కెన్యట్టాయే గెలిచారు. మలావీలో ప్రతిపక్షాలు చేతులు కలిపాయి. చిలిమా ఉపాధ్యక్ష అభ్యర్థిగా చక్వేరా పక్కన నిలిచారు. 2020 జూన్ 23న చక్వేరాకు 58 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి.

ధరలు మండి, డాలర్లు కరువై, పెట్రోలు బంకుల ముందు క్యూలు పెరిగాక, 2025 సెప్టెంబరులో అదే ఓటరు చక్వేరాను ఇంటికి పంపాడు. 85 ఏళ్ల ముతారికా దాదాపు 57 శాతం ఓట్లతో తిరిగొచ్చారు. ఆయన వెంట ఉపాధ్యక్షురాలిగా ప్రమాణం చేసింది, ఒకప్పుడు దిగిపొమ్మని జనం ఊరేగిన జేన్ అన్సాయే.