రూప్యమునందలి జాతిరూపము

సంస్కృతమున వెండికి రూప్యమని పేరు. పాణిని మహర్షి రూపశబ్దమునుండి, అచ్చువేయబడినదను అర్థమున ఈ పదమును సాధించెను. మన రూపాయియు దీనినుండి పుట్టినదే. లోహమునకు వెల తూనికవలన గలుగును. అది యే జాతిదో తెలుపునది దానిమీది యచ్చు.

పొదుపుకొరకు జనులు కొని దాచుకొను శుద్ధరజత నాణెములు నేడు పెక్కుదేశములలో వెలువడుచున్నవి. వీని వెల వెండిధరననుసరించునే గాని, మీది యంకెను బట్టి యుండదు. ఐనను ప్రతిజాతియు తన పూజ్యచిహ్నమునే వానిపై నిలుపుచున్నది.

మెక్సికో చరిత్ర యిందుకు మేలైన యుదాహరణము. 1535లో నెలకొన్న అచ్చటి టంకశాల, 1821లో స్వాతంత్ర్యము వచ్చువరకు, స్పెయినురాజుల చిహ్నములనే వెండిపై ముద్రించెను. 1982లో ఆ దేశము 'లిబెర్తాద్', అనగా స్వేచ్ఛ, యను నాణెమును వెలువరించెను. ఇది ఒక ట్రాయ్ ఔన్సు, అనగా 31.1 గ్రాముల, వెండి. దీనిపై రెక్కలుగల విజయదేవత కలదు. 1910లో రాజధానియందు నిలిపిన స్వాతంత్ర్యస్తంభముమీది విగ్రహమునకిది ప్రతిరూపము. కుడిచేత విజయమాల, ఎడమచేత తెగిన సంకెల. రెండవవైపున నాగజెముడుపై నిలిచి పామును పట్టిన డేగ.

అమెరికావారు 1986లో తమ నాణెమునకు, వైన్‌మన్ శిల్పి 1916లో రచించిన స్వేచ్ఛాదేవినే గ్రహించిరి. ఆమె ఉదయసూర్యునివైపు నడచుచుండును. 1988నాటి కెనడా నాణెమున ఒకవైపు రాణి, రెండవవైపు మేపుల్ ఆకు.

ఇక మన సంగతి. స్పెయినువారి వెండిడాలరులు మన తీరమునకును వచ్చినవి. 1807 ప్రాంతమున మదరాసు టంకశాలవారు వానిమీదనే తిరిగి అచ్చుకొట్టి అరవరహాలు చేసిరి. ఆలయగోపురము, విష్ణుమూర్తి, తెలుగు తమిళ లిపులు వానిపై గలవు. కాని యది వర్తకుల సౌకర్యమేగాని జాతిగౌరవము గాదు. 1835లో కంపెనీవారు 180 గ్రెయినుల రూపాయిని దేశమంతట నేకరీతిగా చేసి, తమ రాజుముఖమును ముద్రించిరి. 1940లో దాని వెండి సగమునకు తగ్గెను. 1947లో నికెలు వచ్చెను. 1950లో సారనాథ సింహములు రూపాయిపై వెలసినవి. రూపము మనదగునప్పటికి నిత్యవ్యవహారపు రూపాయినుండి రూప్యము తొలగిపోయెను!

కావున సంఘబంధువులకు మా మనవి యొక్కటే. పెట్టెల యడుగున పెద్దలు దాచిన పాతరూపాయలను కరిగింప దలచునపుడు, ముందుగా పిల్లలచేత వానిమీది ముఖమును, సంవత్సరమును చదివింపుడు. తూనిక కంసాలి చెప్పును. చరిత్ర మనమే చెప్పవలయును.